టాంజానియాలో వాలంటీర్‌గా ఏడాది: స్వాహిలీ నేర్చుకోవాలా, ఇంగ్లీషు చాలా?

మీరూ మాలాగే చెన్నై తెలుగువాళ్లు, ఏడాది పాటు టాంజానియా బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్తున్నారు, అక్కడివాళ్ల భాష స్వాహిలీ నేర్చుకోకుండా ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా అని అడిగారు.

నెట్టుకురావచ్చు. మొదటి రెండు నెలలు నేనూ అలాగే నెట్టుకొచ్చాను, పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాకుండా! అక్కడ ప్రభుత్వ బడుల్లో ప్రైమరీ అంతా స్వాహిలీలోనే. సెకండరీలో అడుగుపెట్టగానే పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోతాయి. మొరోగోరో అనే ఊరి దగ్గర ఫామ్ వన్, అంటే సెకండరీ మొదటి ఏడాది, పిల్లలకు భిన్నాలు చెప్తుంటే తలలన్నీ బుద్ధిగా ఊగేవి. ఆ ఊపుడు నాకు కొత్త కాదు. పెరంబూరులో తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలో పడ్డ ఏడాదంతా నేనూ అలాగే ఊపాను. అర్థమైందా అని స్వాహిలీలో అడగడం మొదలుపెట్టాకే ‘హపానా’, అంటే లేదు, అని ఒక్కొక్కరే నోరు విప్పారు.

కాబట్టి నేర్చుకోండి. మీరు తమిళం ఎలా నేర్చుకున్నారో అలాగే. వ్యాకరణం పుస్తకం ఎవరు కొన్నారు? కూరగాయల బండి దగ్గర, బస్సు కండక్టర్ దగ్గర తప్పులు మాట్లాడే కదా వచ్చింది. పైగా స్వాహిలీ మన నోటికి ఇట్టే తిరుగుతుంది. మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. బస్సు ‘బసి’, బ్యాంకు ‘బెంకి’, ఆటో అయితే ఏకంగా ‘బజాజి’. సంతలో నాకు ప్రాణం లేచొచ్చింది: వడ్లు ‘మ్పుంగా’, బియ్యం ‘మ్చేలే’, అన్నం ‘వాలి’. ఇంగ్లీషులో మూడూ రైసే. తోటకూర కూడా దొరుకుతుంది, ‘మ్చిచా’ అని అడగండి. శాకాహారులైతే ‘సిలి న్యామా’, మాంసం తినను, అని ఊరుకోకండి. నేను ఊరుకుంటే చేప వడ్డించారు.

గడియారంతో మాత్రం జాగ్రత్త. మన పాతకాలం జాముల్లాగా వాళ్ల లెక్క పొద్దుపొడుపు నుంచి. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. ఇంటి ఓనరమ్మ ‘సా తాతు’కి రమ్మంది. తాతు అంటే మూడు. శుభ్రంగా భోంచేసి మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. పొద్దున తొమ్మిదింటికి నాకోసం చేసిన చపాతీలు మూతపెట్టి ఉన్నాయి, ఫ్లాస్కులో చాయ్ చల్లారిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

 

పలకరింపు లేకుండా దుకాణంలో ధర కూడా అడగకూడదు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను ‘షికమో’ అంటారు, పెద్దవాళ్లు ‘మరహబా’ అని అందుకోవాలి. తెలియక నేను పిల్లలకే తిరిగి షికమో చెప్పేవాణ్ణి. దానికి తోడు అలవాటు కొద్దీ ఒక కుర్రాణ్ణి “బాబూ, బోర్డు దగ్గరికి రా” అన్నాను. క్లాసు క్లాసంతా బెంచీల మీద పడి నవ్వింది. స్వాహిలీలో బాబు అంటే తాత! వాడికి పదమూడేళ్లు. ఆ తర్వాత నేను తిరిగొచ్చేదాకా రోజూ పొద్దున గేటు దగ్గర నేనే “షికమో, బాబు” అనేవాణ్ణి. వాడు నడుం వంచి, గొంతు బొంగురు చేసి, “మరహబా” అనేవాడు.