బావగారికి ఎన్ని మార్కులు?

ప్రశ్న: రోజూ అర్ధరాత్రి దాకా సీరియల్ కిల్లర్ల డాక్యుమెంటరీలు చూస్తాను. నెట్‌లో దొరికిన ‘సైకోపాత్ టెస్ట్’లో మా బావగారికి 20కి 14 టిక్కులు పడ్డాయి. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ ఖైదీలను పరిశీలించి తయారుచేసిన సైకోపాత్ (జాలి, పశ్చాత్తాపం లేని మనిషి) లక్షణాల జాబితాకు అలాంటివి అరకొర నకళ్లు. అసలుదాంట్లో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు, మొత్తం 40. అమెరికాలో 30కి తగ్గితే సాధారణంగా సైకోపాత్ ముద్ర వేయరు. శిక్షణ పొందినవారు గంటల తరబడి మాట్లాడి, చెప్పింది పోలీసు, కోర్టు రికార్డులతో సరిచూసి మార్కులేస్తారు. రికార్డు చూడకపోతే అబద్ధాలకోరు తనకు తానే మార్కులేసుకున్నట్టు!

మీ పొరపాటు ఇంకోచోట ఉంది. బావగారు రెండుసార్లు అప్పు ఎగ్గొట్టగానే టిక్కు పెట్టేసి ఉంటారు. జాబితా చూసేది ఏళ్ల తరబడి ఇంటా బయటా అదే తీరా అని. పైగా మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టులు వాడే ప్రామాణిక పుస్తకం డీఎస్ఎమ్-5లో సైకోపతీ విడి జబ్బుగా లేదు. దగ్గరిదైన యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్‌ (ఇతరుల హక్కులను పదేపదే కాలరాసే వ్యక్తిత్వ రుగ్మత) అని తేల్చడానికి వయసు 18 నిండాలి, 15 ఏళ్లలోపే ప్రవర్తన గాడి తప్పిన దాఖలా కావాలి.

ఈసారి అప్పిస్తే మాత్రం ప్రోనోటు రాయించుకోండి.