గుమ్మడి పిందెలు రాలిపోతున్నాయా? పొద్దున్నే పూలు చూడండి

ప్రశ్న: పెరట్లో మూడు గుమ్మడి పాదులు, రెండు జుకినీ (దోసలా పొడుగు కాయ కాసే గుమ్మడి జాతి కూరగాయ) మొక్కలు పెట్టాం. తీగ ఏపుగా పాకింది, పూలు విరగబూస్తున్నాయి. కానీ పిందె బొటనవేలంత కాగానే పసుపుబారి రాలిపోతోంది. బలం చాలలేదేమోనని రెండుసార్లు యూరియా వేశాం, పురుగుమందు కూడా కొట్టాం. ఇంకేం చేయాలి?

జవాబు: మందు పక్కన పెట్టి, ముందు రాలిన పిందెలు నాలుగు ఏరి చాకుతో నిలువునా కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులు కదులుతుంటే అది పండు ఈగ పని. అలాంటి పిందె తొక్క మీద సూదితో పొడిచినట్టు చిన్న మచ్చ, అక్కడ కారి గట్టిపడిన జిగురు కూడా కనిపిస్తాయి. పురుగు లేకుండా, పువ్వున్న కొస నుంచి వడిలిపోయి ఉంటే దానికి పుప్పొడి అందలేదని అర్థం. పిందెలు బొటనవేలంత దగ్గరే ఆగిపోతున్నాయన్నారు కాబట్టి మీ పాదులకు వచ్చిన ఇబ్బంది ఈ రెండోదేనని నా అంచనా.

ఈ జాతిలో ఒకే మొక్క మీద మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. మగపువ్వు సన్నని పొడవాటి కాడ మీద నిలబడుతుంది. ఆడపువ్వుకు మాత్రం విచ్చుకోక ముందే కింద బుల్లి కాయ ఉంటుంది. మీరు పిందె అంటున్నది చాలావరకు అదే. పుప్పొడి తగిలితేనే అది కాయవుతుంది, లేకపోతే రెండు మూడు రోజుల్లో పసుపుబారుతుంది. గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. తేనెటీగే మోయాలి, అదీ ఒక్కసారి వాలితే సరిపోదు. పుప్పొడి అరకొరగా అందిన కాయ వంకర తిరిగి, ఒక కొస సన్నబడిపోతుంది.

పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేలోపే ముడుచుకుంటుంది. మళ్లీ తెరుచుకోదు. ఆ కొద్ది గంటల్లో మందు కొడితే తేనెటీగలు చచ్చిపోతాయి, లేదా ఆ చుట్టుపక్కలకే రావు. పూత మీదున్న పాదుకు పురుగుమందు వద్దేవద్దు. యూరియా కూడా ఆపేయండి. దాన్లో ఉండే నత్రజని ఎక్కువైతే ఆకు, తీగ బలుస్తాయి, మగపూలే ఎక్కువవుతాయి.

ఇక చేతి పరాగసంపర్కం, అంటే తేనెటీగ చేసే పనిని మనమే చేసి ఆడపువ్వుకు పుప్పొడి అందించడం. పొద్దున్నే, మంచు ఆరాక, ఆ రోజే విచ్చుకున్న మగపువ్వును కాడతో సహా తుంచండి. రేకులు ఒలిచేస్తే మధ్యలో పసుపు పుప్పొడి అంటుకున్న కడ్డీ మిగులుతుంది. వేలితో తాకితే పసుపు అంటాలి, అప్పుడే అది పనికొచ్చే పువ్వు. దాన్ని ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని పట్టుకునే కీలాగ్రం పాయలన్నిటికీ తగిలేలా మెల్లగా రుద్దండి. వీలైతే ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడండి. గుమ్మడికి గుమ్మడి పువ్వే, జుకినీకి జుకినీ పువ్వే వాడాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకు నేర్పండి, ఎంతో ఇష్టంగా చేస్తారు. పుప్పొడి పట్టిన పిందె నాలుగైదు రోజుల్లోనే కళ్లకు కనిపించేంత లావవుతుంది.

కొత్త పాదుకు మొదట్లో వారం, పది రోజులు మగపూలే వస్తాయి, కంగారుపడకండి. పెద్ద గుమ్మడి తీగ రెండు మూడు కాయలు నిలుపుకున్నాక మిగతా పిందెల్ని తానే రాల్చేస్తుంది. అదీ తెగులు కాదు.

కోసినప్పుడు పురుగే కనిపిస్తే ఆ కాయల్ని పెంటకుప్పలో వేయకండి. పురుగు మట్టిలోకి దిగి గూడులాంటి కోశంలో ఉండి (కోశస్థ దశ) మళ్లీ ఈగై వస్తుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. మంచి పిందెలకు పువ్వు వాడగానే కాగితం సంచి తొడగండి. ఆకుల మీద తెల్లటి బూడిదలాంటి పొర (బూడిద తెగులు) కనిపించినా గంధకం మాత్రం చల్లకండి, తీగజాతి ఆకులు మాడిపోతాయి.

జుకినీని జానెడు కాగానే కోసేయండి. ముదరనిస్తే మొక్క బలమంతా ఆ ఒక్క కాయ గింజలకే పోయి కొత్త పిందెలు తగ్గిపోతాయి. గుమ్మడిని మాత్రం తొడిమ ఎండి గట్టిపడి, తొక్క గోరు దిగనంత గట్టిగా అయ్యేవరకూ పాదు మీదే ఉంచండి. కోసేటప్పుడు తొడిమ నాలుగు వేళ్ల పొడవు ఉంచితే కాయ నిల్వకు ఆగుతుంది.