యాంటీ ఏజింగ్ క్రీముల రంగానికి ఆరు నెలల డిప్లొమా చాలుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. కెమిస్ట్రీ, బయాలజీ బాగానే చదువుతుంది, లెక్కలంటే భయం. మొక్కల సారాలతో ముడతలు తగ్గించే క్రీములు తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. విశాఖలో ఒక సంస్థ ఆరు నెలల హెర్బల్ కాస్మెటిక్స్ డిప్లొమాకు లక్షా అరవై వేలు అడుగుతోంది. వాళ్ళ నాన్నగారేమో నర్సింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ లక్షా అరవై వేలు కట్టకండి. మిగతా సంగతి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ముడతలు పోతాయని రాసి ఉన్న క్రీము డబ్బా ఇంట్లో ఏదైనా ఉంటే అమ్మాయిని తెమ్మనండి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో దినుసుల జాబితా ఉంటుంది. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం దాటి ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అందులో ఫినాక్సీ ఇథనాల్ అనే మాట ఉందేమో వెతకమనండి. క్రీము చెడిపోకుండా కలిపే మందు అది, ఒక శాతం మించి వెయ్యకూడదు. డబ్బా ముందువైపు ఆకుపచ్చగా బొమ్మ వేసిన మొక్క పేరు దీని తర్వాత కనిపించిందంటే, ఆ సారం క్రీములో ఒక శాతం దాటి లేనట్టే.

అలాగని అది మోసమని అనేయడానికి లేదు. బావంచాలు మీకు తెలిసే ఉంటాయి, బొల్లికి ఆయుర్వేదంలో వాడే నల్లటి గింజలు. వాటినుంచి బకుచియోల్ అనే పదార్థం తీస్తారు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ఒక పరీక్ష ఫలితం అచ్చయింది. 44 మందిలో కొందరికి 0.5 శాతం బకుచియోల్ క్రీము రోజుకు రెండు పూటలా, మిగతావాళ్ళకి ముడతల క్రీముల్లో వాడే విటమిన్ ఎ రకమైన రెటినాల్ 0.5 శాతం ఒక పూట, 12 వారాలు రాయించారు. ముడతలూ మచ్చలూ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా తగ్గాయి. చర్మం పొట్టు లేవడం, చురచురలాడడం మాత్రం రెటినాల్ వాళ్ళకే ఎక్కువ. చిన్న పరీక్షే, దీన్ని పట్టుకుని రెటినాల్ పని అయిపోయిందనుకోకూడదు. కానీ అర శాతంతోనే ఆ ఫలితం వచ్చింది చూడండి.

అదే గింజలో సోరలెన్ కూడా ఉంటుంది. అది ఒంటికి తగిలి ఎండలోకి వెళ్తే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. సహజమైనది కదా, ఏం చేస్తుందిలే అని గింజలు నూరి ముఖానికి పట్టించేవాళ్ళని చూస్తే నాకు భయం. కంపెనీలు బకుచియోల్‌ని విడిగా తీసి, సోరలెన్ ఇంకా ఏమైనా మిగిలిందా అని కొలిచి చూసుకుంటాయి. మీ అమ్మాయికి ఉద్యోగం దొరికేది ఆ కొలిచేచోట.

మీ చెరువుగట్టున మొలిచే సరస్వతి ఆకు కథా ఇంతే. మీ ఒడియా ఇరుగుపొరుగు థాలకుడి అని పచ్చడి చేసుకుంటారు. కొరియా క్రీముల మీద సెంటెల్లా అని కనబడేది ఇదే. అందులోని ఏసియాటికోసైడ్, మెడెకాసోసైడ్ అనే పదార్థాల కోసమే కంపెనీలు దీన్ని కొంటాయి. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తయారీకి అవి ఊతమిస్తాయని లెక్క. కోసిన కాలం, పెరిగిన చోటు మారితే ఆ పదార్థాల పాళ్ళు మారిపోతాయి. సవర ఆడవాళ్ళు సంతలో కట్ట లెక్కన అమ్మే ఆకు కంపెనీ గేటు దాటగానే శాతం లెక్కలోకి వెళ్తుంది.

ఆ ల్యాబ్ ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే చెప్పండి. పూలూ పరిమళాలూ ఏమీ ఉండవు. ఆకుపొడిని ఆల్కహాల్‌తో గంటల తరబడి సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో మరిగిస్తారు. ఆల్కహాల్‌ని ఆవిరి చేసేస్తే గాజుబుడ్డి అడుగున నల్లటి ఆకుపచ్చ జిగురు మిగులుతుంది. ఎండుగడ్డి వాసన, చేతికంటితే సబ్బుకు ఓ పట్టాన పోదు. అందులోంచి కాస్త తీసి, ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లోకి ఎక్కించి, తెరమీద గీత ఎప్పుడు లేస్తుందా అని కూర్చోవాలి. మర్నాడు ఇంకో బ్యాచ్, మళ్ళీ అదే పని. దీనికి విసుగు పుట్టదనుకుంటే ఈ రంగం ఆమెదే. లెక్కల భయం పెద్ద అడ్డం కాదు, గ్రాఫు గియ్యడం, నిష్పత్తులు వస్తే బండి నడుస్తుంది.

(వానాకాలంలో వీలుంటే గంజాం వైపు తీసుకెళ్ళండి. మొగలిపువ్వుల్ని రాగి కాగుల్లో కాచి అత్తరు దింపుతారు. అది సువాసన వ్యాపారం, ముడతలతో సంబంధం లేదు. కానీ మొక్కలోంచి సారం తియ్యడమంటే ఏమిటో కళ్ళారా చూస్తుంది.)

చదువు విషయానికొస్తే నా ఓటు బీ ఫార్మసీకి. నాలుగేళ్ళు. ఫిజిక్స్, కెమిస్ట్రీతో బయాలజీ ఉన్నా చాలు. ఫార్మకాగ్నసీ (మందు మొక్కల శాస్త్రం), హెర్బల్ డ్రగ్ టెక్నాలజీ, ఇన్‌స్ట్రుమెంటల్ అనాలిసిస్ (మిషన్లతో కొలిచి చూడడం) అన్నీ అందులోనే వస్తాయి, చివర్లో కాస్మెటిక్ సైన్స్ ఎంచుకునే వీలుంది. ఒడిశాలో సీటుకి ఓజేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. ఆంధ్రలో ఈఏపీసెట్ సీట్లు 85 శాతం అక్కడి స్థానికులకే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన స్థానికులం అయిపోం కదా, మేనేజ్‌మెంట్ కోటా అంటూ ఫోన్లు చేసేవాళ్ళ మాట వినకండి. పీజీ నాటికి ఈ సరిహద్దు గొడవ చాలావరకు తగ్గుతుంది. ఫార్మసీ పీజీకి పెట్టే జీప్యాట్ పరీక్ష గట్టెక్కి ఎం ఫార్మసీలో చేరినవాళ్ళకి స్కాలర్‌షిప్ వచ్చే వీలుంది, అప్పటి సంగతి కనుక్కోండి. మొహాలీలోని నైపర్ అనే కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థలో అయితే నేచురల్ ప్రాడక్ట్స్‌కి ప్రత్యేకంగా విభాగమే ఉంది.

ఫార్మసీ కుదరకపోతే ప్లస్ త్రీ (డిగ్రీ) కెమిస్ట్రీ ఆనర్స్. బోటనీ అనకండి. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. కొన్నేళ్ళ కిందట ఒక అబ్బాయికి మొక్కల రంగం కాబట్టి బోటనీయే అని నేనే చెప్పాను. డిగ్రీ అయ్యాక ఎక్కడికెళ్ళినా హెచ్‌పీఎల్‌సీ మీద చేసిన అనుభవం ఉందా అని అడిగారు. రెండేళ్ళు పోగొట్టుకుని మళ్ళీ అనలిటికల్ కెమిస్ట్రీలో చేరాడు. నామీద కోపం పెట్టుకోలేదు, అది అతని మంచితనం.

ఇంకో దారి కూడా ఉంది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014 నుంచి నిషేధం. అందుకని కొల్లాజెన్‌ని కరిగించే ఎంజైమును ఈ సారం ఆపుతోందా లేదా అని ల్యాబ్ పాత్రల్లో, అక్కడే పెంచిన చర్మకణాల మీద చూస్తారు. బయాలజీ ఇష్టమైతే అటు వెళ్ళొచ్చు.

ఉద్యోగాలు పర్లాకిమిడిలో దొరకవు, అది ఇప్పుడే ఒప్పుకోవాలి. సారాలు తీసే పెద్ద కంపెనీలు విజయవాడలో, బెంగళూరులో, కొచ్చి చుట్టుపక్కల ఉన్నాయి. మొదట్లో జీతం నర్సుకంటే తక్కువే రావచ్చు. వాళ్ళ నాన్నగారు నర్సింగ్ అంటున్నది ఊరికే కాదు, ఊళ్ళోనే ఉంటూ త్వరగా సంపాదించాలంటే అదే మేలు. అమ్మాయికి ఆసుపత్రి వాసన పడుతుందా అని ఒక్కసారి అడిగి చూడమనండి.

ఇంట్లో క్రీములు చేసి అమ్ముకోవచ్చని ఆ సంస్థవాళ్ళు చెప్పి ఉంటారు. కాస్మెటిక్ తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి, వంటింట్లో కలిపింది కుదరదు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి: మీ దగ్గర హెచ్‌పీఎల్‌సీ ఉందా, ఉంటే పిల్లల చేత నడిపిస్తారా, దూరం నుంచి చూపిస్తారా? ఏం చెప్పారో నాకు రాయండి.