లూక్కాకి ఒక్క రోజు చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలో, ఫ్లోరెన్స్‌లో చదువుతున్నాడు. నేనూ మావారూ వెళ్తున్నాం. దగ్గర్లో లూక్కా అనే పాత ఊరు బాగుంటుందంటున్నారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, అదే టెన్షన్. వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా, ఒక్క రోజు చాలు. రైల్లో గంటన్నర అటూ ఇటూగా పడుతుంది, స్టేషన్ బయటికొస్తే ఎదురుగానే కోటగోడ. మన విజయనగరం కోటలా బయట నుంచి చూసి ఫొటో తీసుకుని వచ్చేయడం కాదు, 16, 17 శతాబ్దాల్లో కట్టిన ఆ గోడ మీదే చెట్ల నీడన 4 కిలోమీటర్లకు పైగా దారి ఉంటుంది, పైకెక్కాక అంతా చదునే కాబట్టి మీవారు ఓపికున్నంత నడిచి కూర్చోవచ్చు. 1812లో వరదొస్తే తలుపులు మూసి ఊరిని కాపాడుకున్నది ఈ గోడతోనే.

అసలు చూడాల్సింది అంఫితియాత్రో చౌకు. రోమన్ల కాలంలో అక్కడ గ్లాడియేటర్ల పోటీల మైదానం ఉండేది, అది శిథిలమయ్యాక మధ్యయుగంలో జనం ఆ పునాదుల మీదే ఇళ్లు కట్టేసుకున్నారు, అందుకే చౌకు ఇప్పటికీ కోడిగుడ్డు ఆకారంలోనే ఉంటుంది.

ఊళ్లోని గ్వినీజీ టవర్ మీద ఓక్ చెట్లు పెరుగుతాయి, వింతే, కానీ 230 మెట్లు. మీరూ అబ్బాయీ ఎక్కండి, ఆయన్ని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టండి. చర్చిల్లోకి భుజాలు కప్పుకునే వెళ్లాలి, చీరకి ఆ బెంగ లేదు. తినడానికి సోంపు, కిస్‌మిస్ వేసిన ‘బుచ్చెల్లాతో’ అనే రొట్టె దొరుకుతుంది. రైలుకి కాగితం టికెట్టు కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్లో ముద్ర వేయించండి, లేదంటే ఫైన్.