తెల్లబట్ట, స్రావం, ప్రదరం: మూడూ ఒకటేనా?

సందేహం: స్త్రీల ఆరోగ్యంపై కరపత్రం రాస్తున్నాను. తెల్లబట్ట, యోనిస్రావం, శ్వేతప్రదరం మూడూ ఒకటేనా? కొందరు ‘శ్రావం’ అంటున్నారు. ఏది సరి?

సమాధానం: ‘స్రావం’ సరి. ‘స్రు’ ధాతువుకు కారడం అని అర్థం. రక్తస్రావం, గర్భస్రావం అక్కడివే. ‘శ్రు’ అంటే వినడం. శ్రోత, శ్రావ్యం దాని నుంచి వచ్చాయి.

అసలు ప్రశ్నకు వస్తే, మూడూ ఒకటి కావు. స్రావం అన్న మాటలో జబ్బు లేదు. నోట్లో లాలాజలం ఊరినట్టే యోనిలోనూ తడి ఊరుతుంది. ప్రదరం మాత్రం రోగం పేరే. ఆయుర్వేదంలో ప్రధానంగా అధిక రక్తస్రావానికి వాడిన మాట అది. అందుకే ‘శ్వేతప్రదరం సహజమే’ అని రాస్తే అర్థం పొసగదు.

చిక్కంతా తెల్లబట్టతోనే. మామూలు తడికీ అదే మాట, జబ్బుకీ అదే మాట. దాంతో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి హడలిపోతుంది; ఇన్ఫెక్షన్ ఉన్నామె ‘అందరికీ ఉండేదేగా’ అని ఊరుకుంటుంది. ఇది నన్ను చాలా బాధిస్తుంది. అలాగని ఆ మాట వదిలేయకండి, డాక్టరు దగ్గర ఆడవాళ్ల నోట వచ్చేది అదే. పక్కన విశేషణాలు చేర్చండి.

మామూలు స్రావం తేటగానో తెల్లగానో ఉంటుంది, దుర్వాసన ఉండదు, బట్ట మీద ఆరితే లేత పసుపు మరక కనిపించవచ్చు. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా జారుడుగా సాగుతుంది. గర్భిణుల్లో ఎక్కువవుతుంది. ‘విరిగిన పాలలా ముద్దలు, విపరీతమైన దురద’ అంటే ఎక్కువగా ఫంగస్. ‘పలుచగా, బూడిద రంగులో, చేపల వాసన’ అంటే లోపలి బాక్టీరియా సమతూకం తప్పిందేమో. ‘పసుపుపచ్చగా, నురగగా’ ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అయితే చూపుతోనే తేల్చలేం, పరీక్ష కావాలి. పొత్తికడుపు నొప్పి, జ్వరం, రెండు నెలసరుల మధ్య రోజుల్లో రక్తం, ముట్లుడిగాక రక్తపు జీర, వీటికి ‘ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి’ అని సూటిగా రాయండి.

‘మలినం’, ‘చెడునీరు’ వంటి మాటలు మాత్రం కొట్టేయండి. అవి చదివినవాళ్లు లోపల సబ్బుతో కడుగుతారు, మేలుచేసే లాక్టోబాసిల్లై బాక్టీరియా దెబ్బతింటుంది. ‘బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగితే చాలు, లోపల కడగవద్దు’ అని రాయండి.