డివైస్‌ను ఒక్కచోటే తయారు చేయండి

నమస్కారమండి. తిరుపతి నుంచి మీరు రాసిన కేయూనిట్ (లినక్స్ కెర్నెల్ కోడ్‌ను పరీక్షించే సాధనం) పరీక్షల కోడ్ చదివాను. పరీక్ష కోసం తయారుచేసే డివైస్‌ను కెర్నెల్‌లో రిజిస్టర్ చేసేచోట ఎర్రర్ వస్తోందన్నారు. ఈ పేరుతో ఇప్పటికే ఒకటి ఉండటమే దానికి కారణం. డ్రైవర్ జోలికి వెళ్లకండి, తప్పు అక్కడ లేదు.

ఇనిట్ ఫంక్షన్ ప్రతి పరీక్షకూ ముందు దానంతట అదే నడుస్తుంది. అక్కడ డివైస్ తయారయ్యాక, పరీక్ష మొదటి వరుసలోనే మీరు అదే పేరుతో మళ్లీ రిజిస్టర్ చేస్తున్నారు. ఆ వరుసను అన్ని పరీక్షల్లోంచీ తీసేయండి. ఇనిట్‌లో వచ్చిన డివైస్ పాయింటర్‌ను ‘టెస్ట్’లోని ‘ప్రైవ్’లో (పరీక్ష తన సొంత డేటా దాచుకునే చోటు) దాచి, పరీక్షలో అక్కడి నుంచే తీసుకోండి. అది ఎర్రర్ పాయింటర్ (చిరునామాకు బదులు ఎర్రర్ సంఖ్య ఉన్నది) కాదని ఇనిట్‌లోనే అసర్ట్ చేయండి, అంటే సరిచూసి, తప్పైతే పరీక్షను అక్కడే ఆపేయండి.

ఎలాగూ ఒక్కసారే కదా అని డివైస్ తయారీని సూట్ ఇనిట్‌లోకి (పరీక్షలన్నిటికీ ముందు ఒక్కసారే నడిచే ఫంక్షన్) మాత్రం మార్చకండి. ఒక పరీక్ష మార్చిన స్థితి తర్వాతి పరీక్షకు అంటుకుంటుంది. చిత్తూరులో మా బృందం అలాంటి తప్పును వెతకడానికి రెండు రోజులు పోగొట్టుకుంది.

మీరు వాడుతున్న కేయూనిట్_డివైస్_రిజిస్టర్ ఫంక్షన్ లినక్స్ 6.8తో వచ్చింది. పరీక్ష ముగియగానే డివైస్‌ను అదే తొలగిస్తుంది, కాబట్టి ఎగ్జిట్‌లో (ప్రతి పరీక్ష తర్వాత నడిచే ఫంక్షన్) మీరు రాసిన తొలగింపు కూడా అనవసరం. మార్చాక ఒక్కో పరీక్షనూ విడిగా నడిపి చూడండి.