ఫర్మ్ వద్దన్న అమ్మాయిని యూకే పంపాలా?

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఐదేళ్ళ లా చదివి, బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయి, హైదరాబాద్‌లో ఒక లా ఫర్మ్‌లో చేరింది. ఏడాది ప్రొబేషన్ అయ్యాక కొనసాగించలేమన్నారు. రెండు నెలలుగా ఇంట్లోనే ఉంది. కోర్టులో జూనియర్‌గా చేరతానంటోంది. లోన్ తీసుకుని యూకేలో ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేయిస్తే నయమని నా ఆలోచన. ఏది మేలు? చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు."

మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమేనండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఊరూ, ఫర్మూ మారతాయి, చుట్టాలు మాత్రం మారరు.

ముందు ఒక మాట. ప్రొబేషన్ తర్వాత కొనసాగించకపోవడం అంటే అమ్మాయికి పని రాదని కాదు. ఫర్మ్‌లో జూనియర్లు ఒక పార్ట్‌నర్ తెచ్చే పనిని నమ్ముకుని ఉంటారు. ఆ పార్ట్‌నర్ క్లయింట్లను తీసుకుని వెళ్ళిపోయినా, డీల్స్ తగ్గినా ముందు పోయేది కొత్తవాళ్ళే. డ్రాఫ్టింగ్‌లో లోపముంటే ఆ మాట అమ్మాయికి చెప్పే ఉంటారు, అడగండి. నిందించకుండా అడగండి. ఈ రెండు నెలల్లో మీరు ఆమెను "నీ పని నచ్చిందన్నారా?" అని ఒక్కసారైనా అడిగారా? "ఎందుకు తీసేశారు?" అనే అడిగి ఉంటారని నా అనుమానం.

ఇక యూకే సంగతి. ఈ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఏడాది ఎల్ఎల్ఎం చేసినంత మాత్రాన అక్కడ లాయరు కాలేరు. 2021 నుంచి అక్కడ సొలిసిటర్, అంటే అక్కడి లాయరు, కావాలంటే ఎస్‌క్యూఈ అనే రెండంచెల పరీక్ష పాసవ్వాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే వీసా కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు రెండేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గుతోంది. ఆ లోపు వర్క్ వీసాకు స్పాన్సర్ చేసే ఫర్మ్ దొరకాలి. దొరక్కపోతే అమ్మాయి తిరిగి హైదరాబాద్ వస్తుంది, వెంట ఈఎంఐ వస్తుంది. ఇక్కడ సీనియర్ అడిగేది ఎల్ఎల్ఎం గురించి కాదు, "రిట్ (హైకోర్టులో వేసే పిటిషన్) రాయగలవా, రేపు వాయిదాకి వెళ్ళగలవా?" అని. ఎల్ఎల్ఎం ఎవరికీ పనికిరాదని అనను. ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి ముందు తేల్చుకునే వివాదాల్లో) స్థిరపడాలనుకునేవాళ్ళకు, స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళకు మంచిదే. యూకే ప్రభుత్వమిచ్చే చీవ్నింగ్ స్కాలర్‌షిప్‌కు కనీసం రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు. అంటే రెండేళ్ళు ఇక్కడ పనిచేసి వెళ్తే డబ్బు వాళ్ళే ఇచ్చే అవకాశముంది. అవమానం తప్పించుకోవడానికి లక్షలు అప్పు చేయడం మాత్రం, క్షమించండి, చదువు కోసం చేసే ఖర్చు కాదు.

మీరు లెక్కలోకి తీసుకోని విషయం ఇంకొకటుంది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. బార్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచి లెక్క. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులకూ మూడేళ్ళ ప్రాక్టీసే అడుగుతారు. విదేశంలో గడిచే ఏడాది ఈ లెక్కలోకి రాదు. కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో జీతానికి చేరినా ప్రాక్టీసు ఆపుకోవాల్సిందే, బార్ కౌన్సిల్ నిబంధన అది. పాత ఫర్మ్ ఆమెకు జీతం ఇచ్చిందా, ప్రొఫెషనల్ ఫీజు ఇచ్చిందా చూసుకోమనండి. ఫీజుగా ఇచ్చి, ఆమె పేరు బార్ కౌన్సిల్ అడ్వకేట్ల జాబితాలోనే ఉంటే ఆ ఏడాదిని ప్రాక్టీసుగా చూపించుకోవడానికి దారి ఉంటుంది.

జూనియర్ బతుకు సుఖంగా ఉంటుందని నేను చెప్పను. నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇమ్మని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే, ఆదేశం కాదు. సీనియర్లలో ఎంతమంది దాన్ని చదివారో! ఒకటి రెండేళ్ళు హాస్టల్ ఖర్చు మీరు పంపాల్సి రావచ్చు. కానీ యూకే ఫీజు కట్టడానికి సిద్ధపడ్డ మీకు ఇది భారమంటే నేను నమ్మను.

ఛాంబర్లలో ఖాళీలు పేపర్లో పడవు, నోటిమాటగానే తెలుస్తాయి. కాంట్రాక్టులు, నోటీసులు రాసిన చేయి కాబట్టి హైదరాబాద్‌లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల వివాదాలు), డీఆర్‌టీ (బ్యాంకు బాకీలు), రెరా (రియల్ ఎస్టేట్) కేసులు చూసే చిన్న ఆఫీసులకు ఆమె అవసరం ఉంటుంది. పాత ఫర్మ్‌లో తనకు పని చెప్పిన సీనియర్ అసోసియేట్‌కి ఫోన్ చేయమనండి. తీసేసిన చోటే సిఫార్సు అడగడం నామోషీ ఏం కాదు, చాలామందికి రెండో ఉద్యోగం అలాగే దొరుకుతుంది. ఇంటి దగ్గరే ఉండాలంటే గుంటూరు కోర్టుంది, నేలపాడు హైకోర్టూ మరీ దూరమేం కాదు. క్రిమినల్ ట్రయల్స్ మీద ఇష్టముంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థల నోటిఫికేషన్లు చూడమనండి. పేద నిందితుల తరఫున వాదించే అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పోస్టుకు మూడేళ్ళలోపు అనుభవమున్నవాళ్ళనే తీసుకుంటారు. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది, సొంత కేసులు మాత్రం చేయకూడదు.

చుట్టాలకు ఏం చెప్పాలంటారా? "కోర్టుకి వెళ్తోంది" అనండి. లాయరు చదువు చదివిన పిల్ల గురించి చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? కాకపోతే అది నిజం కావాలంటే సోమవారం పొద్దున ఆమెను ఆపకండి.